మూడున్నర సెంటీమీటర్ల రోడ్డు

మా ఇంట్లో రైలు మా ఆయనది, ఊరు నాది. ఆయన ఫోన్లో వీడియోలు చూసి మోజుపడి ఒక బొమ్మ ఇంజను, నాలుగు పెట్టెలు, గుండ్రంగా తిరిగే పట్టాలు కొనుక్కొచ్చారు. నెల తిరక్కుండానే మోజు తీరిపోయింది. పట్టాలు మాత్రం దిల్‌సుఖ్‌నగర్‌లోని మా అద్దె ఫ్లాటులో, చిన్న బెడ్‌రూంలో, రెండు బల్లల మీద పడుకోబెట్టిన పాత తలుపు మీద అలాగే ఉండిపోయాయి. రోజూ దుమ్ము తుడుస్తూ ఆ ఖాళీ తలుపును చూస్తే నాకు చికాకేసేది. దిగడానికి ఊరే లేనప్పుడు రైలెందుకు? అలా మొదలైంది నా ఊరు.

ఎల్.బి.నగర్‌లో ఒక ఇంజినీరు గారి ఆఫీసులో ఇళ్ల ప్లాన్లు గీస్తూ పాతికేళ్లు గడిపాను. ఎవరెవరికో పూజ గదులు, ఎవరెవరికో పోర్టికోలు గీశాను. మేము మాత్రం అద్దింట్లోంచి అద్దింట్లోకి మారుతూనే ఉన్నాం. కాగితం మీద ఇల్లు కట్టడం నా చేతికి వచ్చు కాబట్టి అట్టతో కట్టడం పెద్ద కష్టం కాలేదు. ఇలాంటి బొమ్మ ఊళ్లకు తయారుగా ఉన్న ఇళ్లు డబ్బాల్లో దొరుకుతాయి, కానీ అవన్నీ ఏటవాలు పెంకులూ పొగగొట్టాలూ ఉన్న విదేశపు ఇళ్లు. మా తలుపు మీద పెడితే ఎండాకాలం సూటు వేసుకొచ్చిన కొత్త అల్లుడిలా ఉంటాయి. అందుకని అన్నీ మొదటి నుంచీ నా చేత్తోనే. అసలు ఇంట్లో ఒక అడుగు నా ఊళ్లో మూడున్నర మిల్లీమీటర్లు. పది అడుగుల గది మూడున్నర సెంటీమీటర్లలో సర్దుకుంటుంది.

గోడలకు పెళ్లి శుభలేఖల్ని మించింది లేదు. మందంగా ఉంటాయి, వంగవు, బ్లేడు పెడితే నీటుగా తెగుతాయి. ఒక్కటే ఇబ్బంది, ప్రతి కార్డు మీదా దేవుడుంటాడు. ఆయన్ని కొయ్యకూడదు, చెత్తలో వెయ్యకూడదు. ముందు ఆయన చుట్టూ జాగ్రత్తగా కత్తిరించి పక్కన పెట్టి, ఆ తర్వాతే పని మొదలుపెడతాను. ఒకసారి చూసుకోకుండా స్టేషన్ మరుగుదొడ్డి గోడకు లోపలివైపు లక్ష్మీదేవిని అతికించేశాను. జిగురు ఆరాక గాని తెలియలేదు. లెంపలేసుకుని ఆ మరుగుదొడ్డిని పార్సిల్ ఆఫీసుగా మార్చేశాను. అట్టపెట్టె పొర విప్పితే లోపలుండే వంకీల కాగితం రేకుల షెడ్డుకు సరిపోయింది. చీపురు పుల్లలు నీళ్ల పైపులయ్యాయి, దగ్గుమందు సీసాల మూతలు మిద్దెల మీద నల్ల ట్యాంకులయ్యాయి.

మనుషుల్ని మాత్రం పెట్టలేదు. పెట్టవేం అని మా ఆయన అడుగుతూనే ఉంటారు. మనుషులొస్తే ఏ ఇంట్లో ఎవరుంటారో తేల్చాలి, వాళ్లతో పాటు వాళ్ల తగాదాలూ వస్తాయి. నాకు ఇళ్లు ఖాళీగా ఉంటేనే ఇష్టం.

స్టేషన్ వెనక వీధికి ఒక మూలమీద ఇల్లు కావాల్సి వచ్చింది. నా మనసులో ఉన్న ఇల్లు సైదాబాద్ వైపు వెళ్లే ఒక సందులో ఉంది. కూరగాయలకు వెళ్లినప్పుడల్లా దాన్ని చూసేదాన్ని. రోడ్డు వైపే బయటి మెట్లు, వాటి పక్కన చిన్న వరండా, పైన ఉదయించే సూర్యుడి డిజైనుతో సిమెంటు జాలీ పిట్టగోడ. ఇప్పుడలాంటి జాలీలు ఎవరూ పోయించుకోవడం లేదు. రంగు వెలిసిపోయి, పెచ్చులూడి, మెట్ల అంచులు అరిగిపోయి ఉన్న ఆ ఇల్లంటే నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను. కానీ ఫొటోలో వెడల్పు తెలుస్తుంది గాని లోతు తెలియదు. మెట్లు రోడ్డు నుంచి ఎంత లోపలి దాకా వస్తాయో తెలియాలంటే టేపు పట్టాల్సిందే.

ఒక ఆదివారం పొద్దున టేపు సంచిలో వేసుకుని వెళ్లాను. గేటు తీసే ఉంది. రెండుసార్లు పిలిచినా ఎవరూ పలకలేదు. నిమిషం పనే కదా అని లోపలికి అడుగు పెట్టాను. టేపు అవతలి కొస పట్టుకునే మనిషి లేనప్పుడు గోడ మీద గుర్తు పెట్టుకోవడం ఆఫీసులో పడ్డ అలవాటు. రోడ్డు అంచు నుంచి టేపు లాగి, మెట్లు ఎక్కడ అయిపోయాయో అక్కడ పక్క గోడ మీద ఎర్ర పెన్సిల్‌తో నిలువుగా గీత గీసి, పక్కన పది అడుగులని వేశాను.

ఈ ఊళ్లో గోడ మీద ఎర్ర గీత, పక్కన అడుగులు కనిపిస్తే దానికి ఒకటే అర్థం. రోడ్డు వెడల్పు చేస్తున్నారని, అంతవరకూ కొట్టేస్తారని. ఈ సంగతి నాకు కాక ఎవరికి తెలియాలి? గీత పడ్డ ఇళ్లవాళ్లు మా ఆఫీసుకొచ్చి, మిగిలిన ముక్కలో ఏమైనా వస్తుందా అని అడుగుతూ నా బల్ల ముందు కూర్చోవడం ఎన్నిసార్లు చూశానో. అయినా ఆ పూట నా కళ్లకు మెట్లు తప్ప ఇంకేమీ కనపడలేదు. బుద్ధి గడ్డి తినడమంటే అదే.

తలెత్తేసరికి గుమ్మంలో ఇంటావిడ నిలబడి ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. లేత నీలం నేత చీర, బొట్టు లేని నుదురు. నన్ను చూడటం లేదు, గీతను చూస్తోంది.

“ఎండల నిలవడ్డవ్ బిడ్డా. లోపలికి రా, నీళ్లు తాగు,” అంది.

వెళ్లకుండా ఎలా? నేను లోపలికి నడిచాక ఆమె వెనక్కి వెళ్లి గేటు గొళ్లెం పెట్టి వచ్చింది. ఆ చప్పుడు విన్నాను గాని అప్పుడు పట్టించుకోలేదు. ముందు గదిలో కుర్చీ వేసి, నీళ్లిచ్చి, ఎదురుగా మంచం మీద కూర్చుంది.

“ఈసారి పదడుగులా? పోయినసారి ఆరన్నరు.”

“అయ్యో, రోడ్డు కోసం కాదండీ. నేను బొమ్మ ఇళ్లు చేస్తుంటాను. మీ మెట్లు బాగున్నాయని కొలుచుకుంటున్నాను.”

“బొమ్మ ఇల్లా. మనవనికా?”

“కాదండీ.”

“మనవరాలికా?”

“నాకేనండీ.”

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. యాభై దాటిన మనిషి, ఒళ్లో పెద్ద టేపు, చెవి మీద ఎర్ర పెన్సిల్. నా మాట నాకే అబద్ధంలా వినిపించింది. తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారు. నేనైతే చెట్టుకు నిచ్చెన కూడా వేసుకుని కూర్చున్నాను.

“చెప్పొద్దని మీ సార్లు అన్నరేమో. నేనెవరికి చెప్త బిడ్డా,” అంది. కోపం లేదు, బతిమాలడమూ లేదు. టీ పెట్టుకొచ్చింది. నేను తాగుతుంటే తన ఇంటి కథ చెప్పింది. పెళ్లయ్యాక నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చారట. భర్త లారీ నడుపుతూ ఒక్కో గదీ వేసుకుంటూ వచ్చాడట. బయటి మెట్లు మేస్త్రీ లేకుండా ఆయనే పోసుకున్నాడట. అందుకే మూడో మెట్టు మిగతావాటికంటే ఎత్తు. చాలా ఏళ్ల కిందట ఎవరో వచ్చి మొదటి గీత గీసి వెళ్లారు. ఎవరూ కొట్టలేదు. తర్వాత ఇంకోసారి గీశారు. అప్పుడూ కొట్టలేదు.

“గా గీత పడ్డసంది ఇల్లు ఇల్లు గాదు. సున్నమేద్దమంటే ఎట్లన్న కొడ్తరు గద, ఎందుకంటడు కొడుకు. అమ్ముదమంటే కొనెటోడు గీత జూసి మళ్లిపోతడు. పైన కిరాయికుండెటోళ్లు కురుస్తుందని పోయిండ్రు. కొట్టరు, నిమ్మలంగ ఉండనియ్యరు.” ఖాళీ గ్లాసు నా చేతిలోంచి తీసుకుంది. “ఒక్కటే చెప్పు బిడ్డా. పదడుగులు పోతే మిగిలిన దాంట్ల ఉండొచ్చా, ఉండరాదా?”

నాకు తెలియదని చెప్పాను. అప్పటికే నా కళ్లు నేల మీదున్నాయి. షాబాద్ బండలు, ఒక్కోటి రెండడుగులు. గది ఎన్ని బండలు, వంటగది గుమ్మం దాకా ఎన్ని బండలు, నాకు తెలియకుండానే లెక్కపెడుతున్నాను. అది ఆమె చూసేసింది.

“చూసినవా, లెక్క జేస్తున్నవ్,” అంది.

ఇక లాభం లేదని లేచాను. ఆమె కూడా లేచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

“బొట్టు వెట్టకుండ ఎట్ల పంపుత? ఆడివిల్లవు. నేను వెట్టొద్దు గద. కోడలు షాపుకు పోయింది, అన్నానికొస్తది. కూసో.”

మా తెనాలి వైపైనా అంతే, ఆడమనిషిని బొట్టు లేకుండా పంపరు. నాకా పట్టింపు లేదు, మీరే పెట్టండి అందామని నోటిదాకా వచ్చింది. అలా అంటే ఆమె చెయ్యి వెనక్కి పోతుంది, ఆ పోవడం నేను చూడాలి. అనలేకపోయాను. మళ్లీ కూర్చున్నాను. ఆమె నన్ను కట్టెయ్యలేదు, కసరలేదు. మర్యాదతోనే బంధించింది. కుడితిలో పడ్డ ఎలుక నాకంటే నయం, దానికి కనీసం కొట్టుకోవడానికి వీలుంటుంది. టీవీ లేదు, ఫ్యాను నెమ్మదిగా తిరుగుతోంది, గంటకోసారి ఆమె అదే అడుగుతోంది. ఉండొచ్చా, ఉండరాదా? నాకు మండిపోయింది. ఆమె మీద కొంత, నా పెన్సిల్ మీద ఎక్కువ.

కోడలు ఎండలో చెమటలు కక్కుతూ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపులో పనట, మెడలో షాపు ట్యాగు ఇంకా వేలాడుతూనే ఉంది. ముప్పై అయిదు దాటి ఉండవు. అత్త చెప్పింది విని, కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టింది. జాకెట్ ముక్క, రెండు అరటిపళ్లు చేతిలో పెట్టింది. అత్త నా ఫోన్ నంబరు కోడలి చేత రాయించుకుంది. గేటు తియ్యడానికి కోడలు నాతో వచ్చింది. గొళ్లెం మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా ఆగింది.

“అక్కా, నాకన్న నిజం చెప్పుండ్రి. ఈసారన్న ఒస్తదా రోడ్డు?”

“రాదమ్మా. నేను ఆఫీసు మనిషిని కాను. మీరు భయపడకండి.”

“భయం గాదక్కా.” గొంతు బాగా తగ్గించింది. “రావాలె.”

ఆమె గబగబా చెప్పుకుపోయింది. వానొస్తే పైగది కురిసి కింది గదిలోకి కారుతుంది. బాగు చేద్దామంటే కొట్టే ఇంటికెందుకంటాడు మొగుడు. ఎల్.బి.నగర్ అవతల చిన్న ఫ్లాటు చూసుకుందామంటే అమ్మను వదిలి రానంటాడు. అత్త గడప దాటనంటుంది. “ఆయన మంచోడే, అత్తమ్మ మంచిదే. ఎవరినేమంట? రోడ్డొచ్చి కొడ్తే మాత్రం అందరం లేస్తం. ఇగ వేరే దారి లేదక్కా నాకు.”

“నేను నిజంగా బొమ్మలే చేస్తానమ్మా,” అన్నాను.

ఆమె కూడా అచ్చం అత్తలాగే నన్ను పైనుంచి కిందికి చూసింది. “సరే పోనియ్యక్కా, చెప్పరాదేమో మీకు,” అని గేటు తీసింది.

ఇంటికొచ్చి రెండు రోజులు బ్లేడు ముట్టలేదు. మా ఆయనకు చెప్తే నవ్వారు. “పోనీలే, ఆఫీసరు హోదా వచ్చింది,” అన్నారు. ఆ రోజు ఆయనతో మళ్లీ మాట్లాడలేదు. ఒకే గీత, ఒకే గోడ. ఒకామెకు అది ఉరి, ఇంకొకామెకు అదే తాళంచెవి. గీసింది నేను. చెరిపేసి రావాలనుకున్నాను, కానీ మళ్లీ ఆ గేటు లోపలికి వెళ్లడానికి కాళ్లు రాలేదు.

మూడో రోజు ముసలావిడ ఫోన్ చేసింది. ఈసారి గొంతులో మర్యాద లేదు.

“సున్నం గలిపి తుడిపేసిన గద. మళ్ల ఎందుకొచ్చి గీసినవ్? ఇంక లావుగ గీసినవ్.”

నేను రాలేదండీ అనబోయి ఆగాను. నేను రాలేదు. ఆ ఇంట్లో ఆ గీత కావాల్సిన మనిషి ఇంకొకరే ఉన్నారు. నేను కాదంటే ముసలావిడ ఎవరని వెతుకుతుంది, వెతకడానికి ఎక్కువ దూరం పోనక్కర్లేదు. అడకత్తెరలో పోకచెక్కలా అయింది నా పని.

“నేనే గీశానండీ. తప్పయింది, ఇంకెప్పుడూ గియ్యను. నేను చేసేది నిజంగా బొమ్మ ఇల్లే. తయారు చేసి చూపిస్తాను, మీరే వచ్చి చూడండి,” అన్నాను.

ఆ ఇంటిని అంత పట్టుదలగా కట్టినట్టు ఇంకే ఇంటినీ కట్టలేదు. సామాన్యంగా బయటి గోడలతో సరిపెడతాను. దీనికి మాత్రం బండలు లెక్కపెట్టిన గదులన్నీ లోపల వేశాను. మెట్లకు అట్టముక్కలు ఒకదాని మీద ఒకటి అంటించి, మూడో మెట్టు కాస్త ఎత్తు చేశాను. సూర్యుడి జాలీ కోసం రెండు బ్లేడ్లు, ఒక వేలి చివర పోయాయి. మిద్దె పైకెత్తితే లోపల గదులు కనిపించేలా పెట్టాను. ఆ పెచ్చులూడిన గోడల్లో ముసలావిడ ప్రశ్న తిరుగుతూనే ఉంది. మిగతా ఇళ్లు కట్టేటప్పుడు నాకెంత హాయిగా ఉండేదో, దీనికి అంత ఊపిరాడలేదు. మనుషుల్ని పెట్టకపోయినా ఇందులో మనుషులున్నారు.

వాళ్లిద్దరూ ఒక మంగళవారం మధ్యాహ్నం వచ్చారు, కోడలికి షాపు సెలవు రోజట. మాది రెండో అంతస్తు, లిఫ్టు లేదు. ముసలావిడ రెయిలింగు పట్టుకుని ఆగి ఆగి ఎక్కింది. మంచినీళ్లు కూడా తాగకుండా “ఏది?” అంది.

చిన్న బెడ్‌రూంలోకి తీసుకెళ్లి లైటు వేశాను. తలుపు మీద స్టేషన్, పట్టాలు, రేకుల షెడ్లు, వీధి, మూల మీద ఆమె ఇల్లు. ఆమె వంగి చూసింది. ముఖంలో గట్టిదనం నెమ్మదిగా సడలింది. వేలితో మెట్లు ఒక్కొక్కటే ముట్టుకుంటూ పోయి మూడోదాని దగ్గర ఆగింది.

“గిదే. గీడనే కాలు తట్టుకుంటది అందరికి,” అని నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది. “నిజమే జెప్పినవ్ బిడ్డా. నేనే నమ్మలె.”

నా గుండెల మీంచి బండ దిగినట్టయింది. కోడలు మాత్రం గోడకు ఆనుకుని చూస్తూ నిలబడింది. తన ఆశ ఉత్తదేనని ఆమెకు ఆ నిమిషంలోనే తెలిసింది. నాకు ఆమె ముఖం చూడటం కష్టమైంది.

ముసలావిడ మిద్దె ఎత్తి లోపల గదులు చూసింది. దించి మళ్లీ ఎత్తింది. “నువ్వు గియ్యకపోతే రేపు ఇంకోడొచ్చి గీస్తడు. నా భయం పోదు బిడ్డా. దీన్ని పదడుగులు కోసి సూపియ్యి.”

“కొయ్యాలా?”

“ఎన్నేండ్లసంది అడుగుతున్న, ఒక్కడు చెప్పలె మిగిలింది ఎట్లుంటదో. నాకు కండ్లతోని చూడాలె.”

ఇంతా చేశాక కొయ్యమంటుందేమిటని ఒక్క క్షణం కోపమొచ్చింది. కానీ ఆమె అడిగింది న్యాయమే. నా బల్ల ముందు కూర్చున్నవాళ్లందరికీ కాగితం మీద గీతలే చూపించాను, ఏ ఒక్కరికీ వాళ్ల మిగిలిన ఇల్లు చూపించలేదు. స్కేలు పెట్టి మూడున్నర సెంటీమీటర్లు కొలిచి, కట్టర్‌తో పైనుంచి కిందికి కోశాను. మెట్లు, వరండా, జాలీ పిట్టగోడ ఒక ముక్కగా విడిపోయాయి. దాన్ని పక్కకు జరిపి, అక్కడ రోడ్డుకు వాడే గరుకు కాగితం పరిచాను.

మిగిలిన ఇల్లు రోడ్డు అంచున నోరు తెరుచుకుని నిలబడింది. ముందు గది ఉంది, వంటగది ఉంది, వెనక గది ఉంది. పైన గది ఉంది గాని ఎక్కడానికి మెట్లు లేవు. ముసలావిడ చాలాసేపు చూసింది. పైగది కేసి, వంటగది కేసి, మళ్లీ పైగది కేసి.

“లోపల్నించి ఓ నిచ్చెన ఏస్కుంటం,” అంది చివరికి. ముఖం విప్పారింది. “సాలు బిడ్డా. గింత మిగుల్తదంటే నాకిగ పరేషాన్ లేదు. పోతే పోనియ్యి పదడుగులు. మేం ఉంటం.” కోడలి చెయ్యి పట్టుకుని లాగింది. “చూసినవా, నీ వంటిల్లు గట్లనే ఉన్నది.”

కోడలు దగ్గరికొచ్చి వంగి వంటగదిలోకి చూసింది. రోడ్డొస్తే ఇల్లు వదిలి లేస్తామనుకుంది. రోడ్డు వచ్చింది, వాళ్లు లేవలేదు.

“ఇంకో పదడుగులు కొయ్యుండ్రి అక్కా,” అంది. గొంతు ఎప్పటిలాగే ఉంది, కూరలో ఇంకాస్త ఉప్పు వెయ్యమన్నట్టు.

“అదెందుకే?” అని నవ్వబోయి ముసలావిడ ఆగిపోయింది. కోడలు తల ఎత్తలేదు. ఆ వంటగది దగ్గరి నుంచి కళ్లు కూడా తియ్యలేదు. ముసలావిడ పట్టుకున్న చెయ్యి వదిలేసి ఆమెను చూసింది, కొత్త మనిషిని చూసినట్టు.

“ఎన్నొద్దుల సంది అనుకుంటున్నవ్ గిది?”

“ఒచ్చిన కాడికెంచి అత్తమ్మా.”

నా చేతిలో కట్టర్ అలాగే ఉంది. మళ్లీ కొయ్యమని ఇద్దరిలో ఎవరూ అనలేదు.